మా అత్తయ్య ఓడిపోయిన ఆదివారం

నా చిన్నప్పుడు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల నవలలు రాసే మనిషి ఉండేదంటే మా మనవరాళ్ళు నమ్మరు. నవలలు రాసేవాళ్ళు ఎక్కడో మేడల మీద ఉంటారనీ, మనలాగా చింతపండు పిసుక్కోరనీ, కిరసనాయిలు కోసం వరసలో నిలబడరనీ వీళ్ళ ఉద్దేశం. ఆవిడ అవన్నీ చేసింది, నవలలూ రాసింది. ఆవిడ మా మేనత్త, మా నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. గుణదలలో మా వీధిలోనే కాపురం. మామయ్య రైల్వేలో గార్డు, వారంలో సగం రోజులు ఊళ్ళో ఉండేవాడు కాదు. పిల్లల్లేరు. మధ్యాహ్నం అంట్లు తోమి బోర్లించాక తలుపు దగ్గరగా వేసుకుని, వంటింట్లో పీట మీద కూర్చుని, ఒళ్ళో పరీక్ష అట్ట పెట్టుకుని రాసేది. ఆ సమయంలో నేను వెళితే పొమ్మనేది కాదు గానీ నోరు మూసుకుని కూర్చోమనేది.

ఇది డెబ్భైల నాటి మాట. అప్పట్లో విజయవాడలో ఏ సందులోకి వెళ్ళినా అద్దె పుస్తకాల షాపు ఒకటి కనబడేది. వారపత్రిక ఒక ఇంట్లో కొంటే పదిళ్ళు తిరిగేది. మా అత్తయ్య సీరియల్ వస్తున్న పత్రిక మా వీధంతా తిరిగి మా ఇంటికి చేరేసరికి ముఖచిత్రం ఊడిపోయి, పసుపు మరకలు పడి ఉండేది. సొంత మేనకోడల్ని నేను, నా చేతికి ఆఖర్న వస్తుందేమిటని అలిగేదాన్ని. కథ తర్వాత ఏమవుతుందో చెప్పమని అత్తయ్య వెంటపడితే, తనకే తెలియదని నవ్వేది. నిజంగానే తెలియదని నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

ఆవిడ చదివింది ఎనిమిదో తరగతి. అదీ పూర్తి కాలేదు. పామర్రులో ఉండగా మా నాయనమ్మ మంచాన పడితే ఇంట్లో పని చూసుకోవడానికి ఆడపిల్లను బడి మాన్పించారు. మా నాన్న విజయవాడ వచ్చి బి.ఎ. చదివి ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తా అయ్యాడు. ఇందులో ఎవరి తప్పూ లేదని మా ఇంట్లో అందరూ అనేవాళ్ళు. ఇన్నిసార్లు అనుకోవలసి వచ్చిందంటే ఎక్కడో కొంత ఉండే ఉంటుంది.

ఆ రోజుల్లో పత్రికల్లో రచయితల పేర్ల పక్కన డిగ్రీ వేసుకోవడం ఒక రివాజు. ఫలానా ఎం.ఎ., ఫలానా బి.ఎ., బి.ఇడి. అని దర్జాగా ఉండేది. మా అత్తయ్య పేరు పక్కన ఏమీ ఉండేది కాదు. ఒకసారి మహిళా మండలి వాళ్ళు ఆవిడను పిలిచి, శాలువా కప్పి, మీరేం చదివారండీ అని అడిగారు. ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా, "రాయడానికి కాయితం, కలం ఉంటే చాలండీ, కాలేజీ ఎందుకు?" అంది. ఒకటే చప్పట్లు. మా నాన్న ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా కొట్టాడు. ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, ఆఫీసులో చెప్పాడు, చర్చి దగ్గర చెప్పాడు, చివరికి పాలవాడికి కూడా చెప్పాడు. అది తిరిగి తిరిగి నా మెడకే చుట్టుకుంటుందని నాకేం తెలుసు. నేనూ చప్పట్లు కొట్టాను.

మా అత్తయ్య నవలల్లో అమ్మాయిలందరూ కాలేజీ చదివేవాళ్ళు. పాఠకులకు అదే ఇష్టమని పత్రిక సంపాదకుడు కబురు పెట్టేవాడట. కాలేజీ గడప తొక్కని మనిషి కాలేజీ గురించి రాయాలి. దానికి ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. వారానికోసారి కూరగాయలకని నన్ను వెంటబెట్టుకుని సిటీ బస్సెక్కేది. మార్కెట్టు దాకా వెళ్ళకుండా ఆడపిల్లల కాలేజీ ఎదురుగా దిగిపోయేది. బస్టాపులో సిమెంటు బల్ల ఉండేది, దాని మీద కూర్చునేవాళ్ళం. ఆడమనిషి ఒంటరిగా గంటసేపు అక్కడ కూర్చుంటే చూసేవాళ్ళు ఏదో ఒకటి అనుకుంటారు. పక్కన పిల్ల ఉంటే ఎవరూ పట్టించుకోరు. ఆ పిల్లను నేను. నాకు ఉప్పూకారం అద్దిన జామకాయ కొనిపెట్టేది.

కాలేజీ వదిలాక అమ్మాయిలు గుంపులుగా బయటికి వచ్చేవాళ్ళు. పుస్తకాలు ఎట్లా పట్టుకున్నారు, ఏం చీరలు కట్టారు, జడకు రిబ్బను కట్టారా క్లిప్పు పెట్టారా, కండక్టరు చిల్లర లేదంటే ఏమన్నారు, అన్నీ చూసేది. ఏదీ రాసుకునేది కాదు. కళ్ళతోనే ఎత్తుకుపోయేది. బస్సులు వచ్చేవి, పోయేవి. మేము ఎక్కాల్సిన బస్సు మాత్రం ఇంకా రానట్టే కూర్చునేవాళ్ళం. ఆ గేటులోంచి వచ్చే అమ్మాయిల్ని చూసీ చూసీ, నేనూ ఒక రోజు ఆ లోపల్నుంచి బయటికి నడిచి రావాలని నాకు బుద్ధి పుట్టింది. అంతవరకూ కాలేజీ మీద నాకు అంత ధ్యాస లేదు.

గేటు బయట జరిగేదంతా మా అత్తయ్య చక్కగా రాసేది. లోపల ఏం జరుగుతుందో చూసే దారి లేదు. అందుకని కథానాయిక గేటు దాటి లోపలికి వెళ్ళగానే ఆ కాలేజీ కాస్తా పామర్రు హైస్కూలైపోయేది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు వచ్చిన సీరియల్లో ఒక ఘట్టం ఉంది. కథానాయిక బి.ఎ. రెండో సంవత్సరం. క్లాసులో పక్కమ్మాయితో మాట్లాడుతుంది. క్లాసు లీడరు లేచి, మాట్లాడిన వాళ్ళ పేర్లు నల్లబల్ల మీద రాస్తుంది. లెక్చరరుగారు వచ్చి ఆ పేర్లు చూసి, కథానాయికను బెంచీ ఎక్కి నిలబడమంటాడు. సరిగ్గా అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకుడు గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు. బెంచీ మీది అమ్మాయీ గుమ్మంలోని అబ్బాయీ ఒకరినొకరు చూసుకుంటారు. వచ్చేవారం అని అక్కడ ఆపేసింది.

మా వీధి ఆడవాళ్ళు ఆ భాగం కళ్ళనీళ్ళు పెట్టుకుని చదివారు. నేనూ చదివాను. నాకేమీ తేడాగా అనిపించలేదు, మా క్లాసులో జరిగేదీ అంతేగా. వీధిలో కాలేజీ చదివిన వాడల్లా మా నాన్న ఒక్కడే. ఆయన నవలలు చదవడు. చెల్లెలు రాస్తుందని నలుగురికీ చెప్పుకోవడం తప్ప ఆవిడ రాసింది ఒక్క పేజీ కూడా తిప్పి చూసిన మనిషి కాదు.

ఆ సంచిక వచ్చిన వారమే మేము మళ్ళీ బస్టాపులో కూర్చున్నాం. ముగ్గురు అమ్మాయిలు వచ్చి మా పక్కనే నిలబడ్డారు. ఒకమ్మాయి చేతిలో ఆ పత్రికే ఉంది. అది చూసి నేను అత్తయ్యను మోచేత్తో పొడిచాను. నాకు ఒళ్ళంతా సంతోషం. ఆ అమ్మాయి పైకి చదవడం మొదలుపెట్టింది. క్లాసు లీడరు దగ్గరికి రాగానే ముగ్గురూ పడీపడీ నవ్వారు. బెంచీ ఎక్కి నిలబడే చోట ఒకమ్మాయి కడుపు పట్టుకుని నా పక్కన బల్ల మీద కూలబడింది. "ఈవిడ కాలేజీ మొహం చూసిందంటావా అసలు?" అంది ఒకతె. "ఎలిమెంటరీ స్కూలుకి కాలేజీ అని బోర్డు తగిలించుకుని ఉంటుందిలే," అంది ఇంకొకతె.

నాకు తల కొట్టేసినట్టయింది. చేతిలో జామకాయ అలాగే ఉండిపోయింది. లేచి పోదాం రా అని అత్తయ్య కొంగు లాగాను. ఆవిడ లేవలేదు. మొహం కందగడ్డలా అయింది గానీ, గొంతు సవరించుకుని, ఆ పత్రిక పట్టుకున్న అమ్మాయితో, "ఏంటమ్మా, అంత నవ్వొచ్చే సంగతి?" అని అడిగింది. ఆ పిల్ల మంచిదే పాపం. కాలేజీలో క్లాసు లీడరు ఉండదనీ, పేర్లు రాయరనీ, మాట్లాడితే లెక్చరరు మహా అయితే బయటికి పొమ్మంటాడనీ, చాలామంది అదే మేలని సినిమాకి పోతారనీ ఓపిగ్గా చెప్పింది. మా అత్తయ్య ఊఁ కొట్టింది. హాజరు ఎట్లా వేస్తారమ్మా అని కూడా అడిగింది. ఒకరి బదులు ఇంకొకరు పలుకుతారండీ అని ఆ పిల్ల చెబితే, అట్లానా అని నవ్వింది కూడా. ఆ నవ్వు చూడలేక నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. ఆ అమ్మాయిలు ఎక్కడ ఆవిడను గుర్తుపడతారోనని నాకు ప్రాణం బితుకుబితుకుమంటోంది. అంతకంటే, ఆవిడ మా అత్తయ్య అని ఎక్కడ తెలుస్తుందోనని.

బస్సులో ఆవిడ ఒక్కమాటే అంది. "వాళ్ళు తప్పేం అనలేదులేవే." ఆ తర్వాత మేము ఎప్పుడూ ఆ బస్టాపుకి వెళ్ళలేదు. కూరగాయలు మా వీధిలో బండి మీదే కొనేది. రెండు వారాల తర్వాత వచ్చిన భాగంలో ఆ కథానాయికకు టైఫాయిడ్ పట్టుకుంది. పాపం మంచం దిగి కోలుకుంది గానీ, మళ్ళీ కాలేజీకి పోలేదు. మిగిలిన నవలంతా ఇంట్లోనే నడిచింది. ఎందుకని ఒక్క పాఠకురాలూ అడగలేదు.

నేను పదో తరగతి సెకండ్ క్లాసులో పాసయ్యాను. ఇంటర్లో చేరడానికి అప్లికేషన్లు ఇస్తున్నారు. నా స్నేహితురాళ్ళు తెచ్చుకున్నారు. మా నాన్నను అడిగితే ఆయన ఎంతో ప్రేమగా నా నెత్తిన చెయ్యి పెట్టాడు. "కాలేజీ ఎందుకమ్మా నీకు? అత్తయ్యలా రచయిత్రినవుతానన్నావుగా. రాయడానికి కాయితం, కలం చాలని ఆవిడే చెప్పింది. రెండూ నేను కొనిస్తా." నిజమే, ఆ మాట అన్నది నేనే. చుట్టాలు వచ్చినప్పుడు పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే గొప్పగా చెప్పుకున్నాను. నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వస్తూ దస్తా కాయితాలూ, కొత్త కలమూ తెచ్చాడు. మంచి కలం. బంగారు రంగు క్లిప్పు ఉన్నది. మధ్యాహ్నాలు అత్తయ్య దగ్గర కూర్చుని నేర్చుకోమన్నాడు. ఆయన కోపంగా వద్దని ఉంటే నేను ఏడ్చి, అన్నం మానేసి, ఏదో ఒకటి చేసి ఉండేదాన్ని. అంత సంతోషంగా కలం చేతిలో పెట్టిన మనిషితో ఏం పోట్లాడను? మా అమ్మ కళ్ళతోనే ఊరుకోమంది. బస్సులూ, ఏలూరు రోడ్డు మీద ఆడపిల్లల వెంటపడే సైకిళ్ళ వెధవలూ, ఇవన్నీ ఆయన మనసులో భయాలని ఆవిడకు తెలుసు. పైకి మాత్రం అందరం అత్తయ్య మాటనే పట్టుకుని వేలాడాం.

నేను ఆ కాయితాలు తీసుకుని అత్తయ్య ఇంటికి పోయి ఆవిడ ముందు పడేశాను. కోపం పట్టలేక అడిగేశాను. రచయిత్రి కావాలంటే కాలేజీ చదువు కావాలా వద్దా, నిజం చెప్పమన్నాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట పక్కన పెట్టి నా వంక చూసింది. "ఎవరికి చెప్పాలి, నీకా, మీ నాన్నకా?" అంది. అదేం మాట, నిజం ఒక్కటేగా అన్నాను. పదిహేనేళ్ళ దాన్ని, నిజం ఒక్కటే ఉంటుందని నమ్మే వయసు. ముందు మీ నాన్నకు చెబుతాను, నీకు తర్వాత చెబుతానంది. ఆదివారం మీ ఇంటికి భోజనానికి ఎవరో వస్తున్నారట కదా అని కూడా అడిగింది.

వచ్చేది మా నాన్న ఆఫీసు సూపర్నెంటుగారూ, ఆయన భార్యా. ఆ భార్యకు మా అత్తయ్య నవలలంటే ఇష్టం. ఆవిడను చూడాలని వస్తున్నారు. వాళ్ళమ్మాయి చదివేది సరిగ్గా ఆ కాలేజీలోనే. ఇది మా అత్తయ్యకు ముందే తెలుసు. నాకు తెలియదు.

ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చేసరికి మా అమ్మ కోడికూర దించేసింది. భోజనాలయ్యాయి. ముందుగదిలో సూపర్నెంటుగారు పడక కుర్చీలో కూర్చున్నారు. ఆయన భార్య మా అత్తయ్యను పక్కనే కూర్చోబెట్టుకుని, చదువు లేకుండానే అంత బాగా ఎట్లా రాస్తారండీ అని అడిగింది. మా నాన్న అందుకున్నాడు. కాయితం, కలం మాట చెప్పాడు. మా అమ్మాయిని కూడా అందుకే కాలేజీకి పంపట్లేదండీ, వాళ్ళ అత్తయ్య దగ్గరే తయారవుతుంది అన్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఆ మాట తప్పన్నయ్యా," అంది మా అత్తయ్య.

మా నాన్న నవ్వాడు. చెల్లెలు వినయానికి అంటోందనుకున్నాడు. ఆవిడ లేచి మా అలమారలోంచి ఆ పాత సంచిక తీసింది. ఎట్లా తప్పో చదువుతా వినండి అంటూ నిలబడి, ఆ క్లాసు లీడరు ఘట్టం మొదలుపెట్టింది. ఊరికే చదవలేదు. బుర్రకథ చెప్పినట్టు చదివింది. లెక్చరరు గొంతు పెట్టింది, కథానాయిక బెంచీ ఎక్కేటప్పుడు తను పీట ఎక్కి చూపించింది. సూపర్నెంటుగారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పొట్ట ఊగేట్టు నవ్వడం మొదలుపెట్టారు. "మా అమ్మాయి ఇంట్లో చదివి ఒకటే నవ్వండీ. ఎవరు రాశారో అనుకున్నా. మీరేనా?" అన్నారు. నేనేనండీ అంది మా అత్తయ్య. అని ఊరుకోలేదు. బస్టాపులో ఆ అమ్మాయిలు అన్న మాటలు కూడా ఒక్కటి వదలకుండా వాళ్ళ గొంతులతో సహా చెప్పింది. ఎలిమెంటరీ స్కూలు బోర్డు మాట దగ్గర ఆయనకు దగ్గు వచ్చి మా అమ్మ మంచినీళ్ళు తేవాల్సి వచ్చింది.

మా నాన్న నవ్వలేదు. మొదట అందరితో పాటు నవ్వబోయాడు గానీ, తన పైఅధికారి తన చెల్లెల్ని చూసి నవ్వుతున్నాడని తెలిసేసరికి ఆయన మొహం నల్లబడింది. మా అత్తయ్యకు కావలసింది అదే. పీట దిగి, కొంగు సర్దుకుని, ఆయన వైపే చూస్తూ మెల్లిగా చెప్పింది. "చదువు లేని రాత ఇట్లాగే ఉంటుందన్నయ్యా. ఊళ్ళో పిల్లలు బస్టాపుల్లో నవ్వుకుంటారు. ఆ నవ్వు నాతో పోదు, మన ఇంటి పరువు మీదికొస్తుంది. దీని రాత కూడా అట్లా కావాలంటే నీ ఇష్టం, ఇంట్లోనే ఉంచుకో."

నాకు కాలేజీ దొరుకుతోందని అక్కడే తెలిసిపోయింది. అయినా ఆ గదిలోంచి లేచి పారిపోవాలనిపించింది. బస్టాపులో నేను సిగ్గుపడింది ఆవిడ మా అత్తయ్య అయినందుకు. ఈ సిగ్గు వేరు, ఆవిడ నా కోసం అలా పీట ఎక్కి నిలబడినందుకు. సూపర్నెంటుగారి భార్య ఒక్కతే నవ్వలేదు. "నాకు ఆ భాగం నచ్చిందండీ," అంది చాలా చిన్నగా. మా అత్తయ్య ఆవిడ వంక చూసి, గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం మా నాన్న అప్లికేషన్ తెచ్చాడు. నాకు ఇవ్వకుండా తనే పూర్తి చేశాడు. నేను అత్తయ్య ఇంటికి పరిగెత్తాను. ఆవిడ పీట మీదే కూర్చుని ఉంది గానీ ఒళ్ళో అట్ట లేదు. అప్లికేషన్ సంగతి చెబితే మంచిదేగా అంది. నాకు చెబుతానన్న జవాబు అడిగాను.

"రాయడానికి అక్కర్లేదే," అంది. "నేను రాయట్లా? నవ్వుకోవడానికైనా ఆ పిల్లలు నా నవల పడ్డ పత్రిక కొనుక్కున్నారు. తప్పు రాశాను, ఇంకోసారి రాయను. కాలేజీ చదివినవాళ్ళు తప్పులు రాయరా ఏంటి?"

మరి నాకెందుకు అన్నాను. నువ్వు రచయిత్రివి అవుతావో లేదో ఎవరికి తెలుసు, కాకపోతే ఏం చేస్తావంది. నాకైతే రాయడం పట్టుబడింది గనక సరిపోయింది, లేకపోతే ఈ వంటిల్లే నాకు గతి అంది. ఆ గేటు బయట కూర్చుని చూసింది నేను చాలు, నువ్వు లోపలికి పో అంది. ఇవన్నీ ఎంతో మామూలుగా, కూర ఏం వండావని అడిగినట్టుగా చెప్పింది. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. తర్వాత నా చెయ్యి పట్టుకుని, మీ నాన్నకు ఈ మాట ఎప్పుడూ చెప్పకంది. "నేను ఓడిపోయాననుకున్నాడు గనకే పంపుతున్నాడు. నాటకమని తెలిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఏమన్నా అననీ, నువ్వు మాత్రం నోరెత్తకు." నా చేత ఒట్టు వేయించుకుంది.

కొత్త సీరియల్ ఇస్తానని ఒక పత్రికకు ఆవిడ మాటిచ్చి ఉంది. ఆ యేడు ఇవ్వలేదు. అనివార్య కారణాల వల్ల అని పత్రికలో వేశారు. మళ్ళీ రాయడం మొదలుపెట్టాక ఆవిడ కథల్లో ఒక్క ఆడపిల్ల కూడా కాలేజీకి వెళ్ళలేదు. ఆసుపత్రి నర్సులు, మిషను కుట్టుకునేవాళ్ళు, భర్త రైలు దిగి ఎప్పుడొస్తాడోనని చూసేవాళ్ళు, వీళ్ళే ఉండేవాళ్ళు. నా మటుకు నాకు అవే ఆవిడ మంచి నవలలు. సంపాదకులకు అంత నచ్చలేదు. శాలువాలు కప్పడం తగ్గింది.

మా నాన్న మాత్రం ఆ ఆదివారాన్ని మరిచిపోలేదు. పాత మాట మానేసి కొత్త మాట ఎత్తుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా, మా అత్తయ్య ఎదురుగా ఉన్నా సరే, "చదువు లేని రాత చదువు లేని రాతేనండీ. నేనన్నది కాదు, మా చెల్లెలే ఒప్పుకుంది. అందుకే మా అమ్మాయిని చదివిస్తున్నా," అనేవాడు. నా ఇంటర్లో అన్నాడు, నా బి.ఎ.లో అన్నాడు. చెల్లెల్ని కించపరచాలని ఆయనకు లేదు. పండక్కి చీర పెట్టేవాడు, జ్వరమొస్తే డాక్టర్ని తీసుకెళ్ళేవాడు. కానీ ఆవిడ నవల అంటే ఆయన దృష్టిలో ఆ పీట మీది నవ్వులాటే. ఆవిడ అవునన్నయ్యా అని తల ఊపేది. నేను పుస్తకంలో తల దూర్చేదాన్ని.

నేను తెలుగు ఎం.ఎ. చదివి ఆడపిల్లల కాలేజీలో లెక్చరర్నయ్యాను. ఆ మరుసటేడు నా మొదటి కథ అచ్చయింది. పేరు పక్కన ఎం.ఎ. అని నేను రాయకపోయినా పత్రిక వాళ్ళే వేశారు. మా నాన్న ఐదు ప్రతులు కొని, ఒకటి తీసుకుని నన్ను వెంటబెట్టుకుని అత్తయ్య ఇంటికి వెళ్ళాడు. ఆవిడ కాఫీ ఇచ్చింది. కథ చేతికిస్తే నిలబడే మొత్తం చదివింది. చదువుతున్నంతసేపూ ఆయన ఆవిడ మొహమే చూస్తున్నాడు.

"చూశావా? రాతంటే ఇదీ," అన్నాడు.

నేను ఇంక ఉండబట్టలేకపోయాను. ఉద్యోగం వచ్చింది, చదువు అయిపోయింది, ఇంక దాచేదేముంది? నాన్నా అని నోరు తెరిచాను. మా అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా అదిమింది. "కాఫీ చల్లారిపోతోంది అన్నయ్యా, తాగు," అంది. ఆయన తాగాడు. వీధిలోకి వచ్చాక ఆయన ముందు నడుస్తుంటే ఆవిడ నన్ను గుమ్మం దగ్గర ఆపి, "నీ కథలో అందరూ పుస్తకం చదువుతున్నట్టు మాట్లాడుతున్నారే. ఈసారి మీ అమ్మ మాట్లాడినట్టు రాయి," అని చెవిలో చెప్పింది. నాకు చదువు చెప్పిన వాళ్ళెవరూ ఆ మాట చెప్పలేదు.

మా నాన్న ముందు పోయాడు, తర్వాత మా అత్తయ్య. నేను పాతికేళ్ళు పాఠాలు చెప్పాను, రెండు కథల పుస్తకాలు వేశాను. ఆవిడ రాసిన వాటి ముందు అవి ఏపాటివో నాకు తెలుసు. ఇప్పటికీ ఎక్కడైనా వేదిక మీద నా పేరూ డిగ్రీలూ చదువుతుంటే నాకు మొహం ఎత్తబుద్ధి కాదు. ఆ చదువు నాకు ఇప్పించడానికి ఆవిడ తన అన్న దగ్గర తన పేరును పోగొట్టుకుంది. కాలేజీ పిల్లలెవరైనా రాయాలంటే డిగ్రీ కావాలా మేడం అని అడిగితే, మా అత్తయ్య ఎనిమిదో తరగతి కూడా పూర్తిచేయలేదనీ, నాకంటే చాలా మంచి రచయిత్రి అనీ మైకులో అందరికీ వినబడేట్టు చెబుతాను. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ మాట వినాల్సింది మా నాన్న.